ముంచని కాయితం

నాకు కోపం ఎక్కువ, సిగ్గు తక్కువ అని నా భార్య లసుమవ్వ ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది. మొదటి మాట నిజమే. రెండోది కూడా మొన్నటిదాకా నిజమే. ఇప్పుడు సిగ్గు ఎంత ఉందంటే, బస్టాండుకు పోవాలన్నా ఎల్లవ్వ ఇల్లు తగలకుండా ఊరంతా చుట్టి పోతున్నాను. అరవైకి దగ్గరపడిన మనిషిని, ఎండలో చెమటలు కక్కుకుంటూ.

నా పేరు రాజనర్సు. సిరిసిల్ల నుంచి ఎల్లారెడ్డిపేట పోయే రోడ్డు మీద దిగి, కొంచెం లోపలికి నడిస్తే మా ఊరు. నేత ఊరు. మా తాత చేమగ్గం నేశాడు, మా నాయన సాంచలు పెట్టాడు. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. సొంత సాంచలున్నవాణ్ణి ఆసామి అంటారు. ఒకప్పుడు పన్నెండు సాంచల ఆసామిని నేను. వీధిలో నడుస్తుంటే కూర్చున్నవాళ్ళు లేచేవాళ్ళు. నేత దెబ్బతిన్నాక సాంచలు ఒక్కొక్కటే తుక్కు కింద పోయాయి. ఆ షెడ్డులోనే నాలుగు కాగులు పెట్టి బట్టకు రంగు వేసే పని మొదలుపెట్టాను. లంగా బట్ట. ముదురు నీలం, నలుపు, ఎరుపు. కోరుట్ల దుకాణాలవాళ్ళు తీసుకుపోతారు. సాంచలు పోయినా పెద్దరికం మాత్రం పోలేదు. ఊరి నేత సంఘానికి ఇప్పటికీ నేనే పెద్దను.

ఎల్లవ్వ నా దగ్గర పద్నాలుగేళ్ళు కండెలు చుట్టింది. నూలును చిన్న కండెలకు చుట్టి సాంచలకు అందించే పని. భర్త పోయినా, పక్షం రోజులకే వచ్చి మళ్ళీ చరఖా ముందు కూర్చుంది. నా కోపానికి షెడ్డులో అందరూ వణికేవాళ్ళు. ఎల్లవ్వ మాత్రం నేను అరిచినంతసేపూ కండె చుట్టుకుంటూ ఉండి, నేను ఆగాక "అయిపోయిందా అన్నా, చాయ్ తాగుతవా?" అనేది. సాంచలు ఆగిపోయినప్పుడు అందరికంటే చివరగా వెళ్ళింది ఆమే. ఆరోజు కూడా ఒక్క మాట అనలేదు.

రెండేళ్ళ కింద ఊరి చివర ఒక సంస్థవాళ్ళు మురుగు శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళలో సెప్టిక్ ట్యాంకులు తోడే బండ్లన్నీ, ఇదివరకు ఏ చెరువు కట్ట చాటునో, ఏ బీడు భూమిలోనో వదిలేసి పోయేవి. ఇప్పుడు ఆ ప్లాంటుకు వస్తాయి. అక్కడ మురుగంతా ఒక పెద్ద మూసిన తొట్టిలో పడుతుంది. లోపల కంటికి కనపడని పురుగులు దాన్ని తిని గ్యాస్ పుట్టిస్తాయి. గ్యాస్ ఒక నల్ల రబ్బరు సంచిలో నిండి, గొట్టం గుండా పక్కనున్న రేకుల వంటింటికి పోతుంది. నీళ్ళు ఇసుక మడుల్లో, మొక్కల మడుల్లో పారి తేటపడతాయి. అడుగున మిగిలిన బురదను ఎండబెట్టి ఎరువు చేస్తారు. మోటార్లన్నీ సోలార్ పలకల మీద నడుస్తాయి. కరెంటు బిల్లు లేదు, కట్టెల ఖర్చు లేదు.

దానికి పెంట ఫ్యాక్టరీ అని పేరు పెట్టింది నేనే. ఊరంతా అదే పేరు ఖాయం చేసుకుంది. ఆ పెంట ఫ్యాక్టరీలో ఎల్లవ్వ ఆపరేటరుగా చేరింది. మూడు నెలలు శిక్షణ ఇచ్చారు. నీలం కోటు, మెడలో కార్డు, నడుముకు తాళాల గుత్తి. పొద్దున్నే సైకిలు మీద పోతుంటే చూసి నవ్వాను. "ఏందే ఎల్లవ్వ, డాక్టరమ్మ లెక్క పోతున్నవ్?" అని పిలిచి మరీ అడిగాను. "అవునన్నా, కడుపుల మంచిగలేనోళ్ళంత నా కాడికే వస్తరు," అంది.

ఆమె జీతం మీదే ఆమె ఇల్లు నడుస్తోంది. బిడ్డ సుస్మిత జగిత్యాలలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. గ్యాస్ మీద ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు జొన్నరొట్టెలు కాల్చి సాంచల కార్మికులకు అమ్ముతారు. మొదట్లో ఎవరూ ముట్టలేదు. ఒకరోజు ఒక కార్మికుడు "ఏ ఇంటి గ్యాస్ మీద కాల్చినవే గీ రొట్టె?" అని ఎకసెక్కం చేస్తే, ఎల్లవ్వ రిజిస్టరు తెరిచి చూసి, "మీ ఇంటిదేరా, నిన్ననే మీ ట్యాంకు తోడిండ్లు," అందట. ఆరోజు నుంచి నవ్వుకుంటూనే కొనడం మొదలుపెట్టారు. నేను మాత్రం తినలేదు. ఒకసారి ప్లాంటు ముందు నుంచి పోతుంటే చాయ్ తెచ్చి ఇచ్చింది. వద్దని చెప్పి వచ్చేశాను. ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

ఇక నా సంగతి. రంగు వేశాక కాగులో మిగిలే నీళ్ళను ఇన్నేళ్ళూ షెడ్డు వెనక కాలువలోకి వదిలేవాణ్ణి. కాలువ వాగులో కలుస్తుంది. ఈ ఎండాకాలం వాగు కింది రైతులు వచ్చి గొడవ చేశారు. పొలంలో నీలం నీళ్ళు పారుతున్నాయని సీసాలో పట్టి తెచ్చి నా ముందు పెట్టారు. పంచాయతీవాళ్ళు వచ్చి నా కాలువ మూతికి సిమెంటు పూసి పోయారు. రంగు నీళ్ళను శుద్ధి చేసే తొట్టి కట్టుకో, కట్టుకున్నాక తీస్తామన్నారు. కట్టుకుంటానని తలూపాను. కట్టలేదు. పెళ్ళిళ్ళ రోజులు, కోరుట్ల నుంచి ఫోను మీద ఫోను. షెడ్డు వెనక గుంత తవ్వి అందులో పోశాను. పదిరోజులకు అది నిండి ఒడ్డు దాటింది.

అప్పుడు విఠల్ గుర్తొచ్చాడు. సెప్టిక్ ట్యాంకర్ నడుపుతాడు. పిలిచి, ఈ రంగు నీళ్ళు తోడి ప్లాంటులో పోసి రమ్మని అడిగితే తల గోక్కున్నాడు.

"నా కాడ ఏం లేదు రాజనర్సన్నా. గా ప్లాంటుల ఎల్లవ్వ ఉన్నది గదా, మూత తీసి, డబ్బా ముంచి నీళ్ళు తీస్తది. కాయిదం ముంచి చూస్తది. ఆకుపచ్చగ వస్తెనే లోపలికి ఇడుస్తది. నీలంగ వస్తే బండి ఎన్కకు తిప్పుడే. మొన్న సిరిసిల్ల నుంచి ఒక ఆస్పత్రి బండి వస్తే తిప్పి పంపింది, ఎవలు ఫోన్ చేసినా ఇనలే."

"సగం మా లెట్రిన్ గుంతది కలుపుదాం. నలుపుల నలుపు కలుస్తది."

"కాయిదానికి నలుపు తెల్వదన్నా. సోడా తెలుస్తది." మళ్ళీ వాడే అన్నాడు, "నువ్వు ఎంబడి రా. నువ్వు పక్కపొంటి నిలబడితె ఆమె ఏమనది."

ఆ మాట విని నాకు కోపం రాలేదు. గర్వంగా అనిపించింది. అదే నా బుద్ధి.

మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకు ట్యాంకర్ ముందు, నా స్కూటర్ వెనక. ఎల్లవ్వ ఎదురొచ్చింది. "అన్నా, నువ్వేంది గిట్ల?" అని, కుర్చీ తుడిచి వేసింది. మా ఇంటి ట్యాంకు తోడించానని చెప్పాను. షెడ్డు కూలీల లెట్రిన్ గుంత కూడా ఉంది, ఇంకో రెండు బండ్లు వస్తాయని చెప్పాను. గొంతు ఎక్కడా తడబడలేదు.

ఆమె మూత తీసింది. తీసి, ఒక్క క్షణం ఆగింది. పొడుగు కర్రకు కట్టిన డబ్బా ముంచి నీళ్ళు తీసింది. జేబులోంచి చిన్న అట్టపెట్టె తీసి, అందులోంచి ఒక కాయితం ముక్క చింపింది. అది వేళ్ళ మధ్య పట్టుకుని నా వైపు చూసింది. నేను కుర్చీలో కూర్చోలేదు, పోయి ఆమె పక్కనే నిలబడ్డాను. "సుస్మిత మంచిగ చదువుతున్నదా?" అని అడిగాను. "చదువుతున్నదన్నా," అంది. కాయితం ముక్కను ముంచకుండానే మళ్ళీ అట్టపెట్టెలో పెట్టింది. రిజిస్టరులో ఏదో రాసుకుని, "ఇడువు విఠల్," అంది.

ట్యాంకర్ గొట్టంలోంచి నీళ్ళు తొట్టిలోకి దూకుతుంటే నాకు లోపల నవ్వొచ్చింది. ఇప్పటికీ నా మాటకు విలువ ఉందని సంబరపడ్డాను. తర్వాత రెండు రోజులు విఠల్ ఒక్కడే పోయాడు. నా పేరు చెప్పాడు, చాలింది.

ఐదో రోజుకు రబ్బరు సంచి జారిపోవడం మొదలైంది. రోజూ ఉబ్బి నిగనిగలాడే సంచి ఈనిన బర్రె పొట్టలా వేలాడుతోందని ఊళ్ళో చెప్పుకున్నారు. రొట్టెల పొయ్యి మంట నీలం నుంచి పసుపుకు మారి, రెపరెపలాడి, ఆరోరోజు ఆరిపోయింది. ఆడవాళ్ళు బయట రాళ్ళ పొయ్యి పెట్టుకుని కట్టెల మీద రొట్టెలు కాల్చారు. ఎల్లవ్వ రెండు రోజులు తిండి మానేసి తొట్టి చుట్టూ తిరిగిందట. పేడ నీళ్ళు కలిపి పోసిందట. ఏం చేసినా తొట్టి లేవలేదు. నేను ఇవన్నీ హోటల్లో కూర్చుని విన్నాను. చాయ్ తాగుతూ, "ఆడోళ్ళ చేతుల మిషన్లు పెడితే గిట్లనే ఉంటది," అన్నాను. ఎవరూ అడగలేదు. నాకై నేనే అన్నాను.

ఆ వారం చివర జగిత్యాల నుంచి ఇంజనీరు వచ్చింది. హేమలత మేడం. ముప్పై ఏళ్ళుంటాయేమో. గట్టిగా మాట్లాడదు, కానీ ఒకసారి అడిగిన ప్రశ్న వదిలిపెట్టదు. ప్లాంటు ఆవరణలో, సోలార్ పలకల నీడలో కుర్చీలు వేసి ఊరి పెద్దలను పిలిచింది. సంఘం పెద్దగా నన్నూ పిలిచింది. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను.

"తొట్టిల పురుగులు సచ్చిపోయినయి," అంది మేడం. "ఎవలో కాస్టిక్ సోడా, బ్లీచింగ్ ఉన్న నీళ్ళు పోసిండ్లు. రంగు నీళ్ళే అయ్యుంటయి. మళ్ళ మొదటి నుంచి పురుగులను పెంచాలె. నలభై రోజులు గ్యాస్ ఉండది, బండ్లు తీసుకోం." రిజిస్టరు తెరిచి ఆ వారం వచ్చిన బండ్ల పేర్లు చదివింది. చదువుతూ చదువుతూ నా పేరు దగ్గర ఆగింది.

"రాజనర్సు గారు, మీ ఇంటి నుంచి మూడు బండ్లా?"

"మా ఇంటిదొకటి, షెడ్డు కూలీల గుంతవి రెండు."

"మీది డైయింగ్ షెడ్డు గదా. రంగు నీళ్ళు ఎటు పోతయి?"

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. తప్పైపోయింది మేడం అని ఒక్క మాట. నోరు తెరిచాను కూడా. బయటికి వచ్చింది వేరే మాట.

"వాటికి వేరే గుంతున్నది. అయినా నన్నెందుకు అడుగుతున్నరు మేడం? పరీక్ష చేసేటందుకే గదా గీమెను వెట్టిండ్లు. పరీక్ష చేసే ఇడిసిందా, చేయకనే ఇడిసిందా, గామెనే అడుగుండ్రి."

చెప్పేటప్పుడు గొంతు పెంచాను. కోపం నాకు చిన్నప్పటి నుంచి పనికొచ్చే పనిముట్టు. దాని వెనక ఏదైనా దాచవచ్చు.

ఎల్లవ్వ మేడం పక్కన నిలబడి ఉంది. కోటు గుండీలు పై దాకా పెట్టుకుని ఉంది. మేడం ఆమె వైపు తిరిగి, "ఎల్లవ్వా, అన్ని బండ్లకు పరీక్ష మంచిగ వచ్చినట్టు రాసినవ్. నిజంగ చేసినవా?" అని అడిగింది.

ఎల్లవ్వ నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

"మూడు బండ్లకు చేయలే మేడం. చేసినట్టు రాసిన."

"ఏ మూడింటికి?"

"యాదిల లేదు."

"ఎందుకు చేయలే?"

"పని ఎక్కువుండె. తప్పయింది."

హేమలత మేడం ముఖం వాడిపోయింది. ఆమెకు ఎల్లవ్వ అంటే ఇష్టమని అందరికీ తెలుసు. శిక్షణ ఇచ్చింది ఆమే. "పరీక్ష చేయకపోతే ఒకసారి మాఫ్ చేస్తుంటి. చేయకుంట చేసినట్టు రాస్తే నా చేతుల లేదు," అంది. ఎల్లవ్వ నడుముకున్న తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టింది. మెడలో కార్డు తీసింది. కోటు విప్పి మడతపెట్టింది. లోపల పాత జాకెట్టు, చంక దగ్గర కుట్టు వేసి ఉంది. నేను తల తిప్పుకున్నాను. అందరికంటే ముందు లేచి వచ్చేసింది నేనే.

ఇంటికి వచ్చేసరికి లసుమవ్వకు కబురు అందింది. అన్నం పెట్టింది. పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"గా నీళ్ళు మనయేనా?"

"నోరు మూసుకో."

"మనయే అన్నట్టు." లేచి నీళ్ళ చెంబు నా దగ్గరికి జరిపింది. "గామె నీ షెడ్డుల పద్నాలుగేండ్లు కూసున్నది. ఒక్కనాడు కండె తక్కువ ఇయ్యలే. నీకు సిగ్గనిపిస్తలేదా?"

కంచం నెట్టేసి లేచాను. అనిపించలేదంటే అబద్ధం. అనిపించింది కాబట్టే కంచం నెట్టాను.

సిగ్గు కలిగినవాడు ఏం చేయాలి? వెళ్ళి నిజం చెప్పాలి. నేనేం చేశానో వినండి. పురుగులు మళ్ళీ పుట్టాలంటే తాజా పేడ కావాలని తెలిసి, నాలుగూళ్ళు తిరిగి రెండు ట్రాక్టర్ల పేడ పోగుచేయించి ప్లాంటుకు పంపించాను. ఊరి బాగు కోసం అని చెప్పించాను. దాంతో నా మనసు తేలికపడుతుందనుకున్నాను. హేమలత మేడం ఫోను చేసి థాంక్స్ చెప్పింది. ఎవడో పేడ ట్రాక్టర్ ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీసి ఊరి వాట్సప్ గ్రూపులో పెట్టాడు. కింద దండాలు, పువ్వులు, చప్పట్లు. పెద్దమనుషులంటే ఇలా ఉండాలని ఎవరో రాశారు. ఆ గ్రూపులో ఎల్లవ్వ కూడా ఉంది. ఫోటో ఆమె చూసినట్టు ఫోనులో కనపడింది. ఆ ఫోను ఎక్కడైనా విసిరేయాలనిపించింది. అప్పటి నుంచే వీధులు చుట్టి పోవడం మొదలుపెట్టాను.

అలా తొమ్మిది రోజులు తప్పించుకుని తిరిగాను. పదో రోజు ఆమే వచ్చింది.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. షెడ్డులో కాగుల కింద మంటలు. ఇద్దరు కూలీలు అన్నానికి పోయారు. నేను నలుపు బట్ట కాగులోంచి తీసి ఆరేస్తున్నాను. గుమ్మంలో నీడ పడింది.

"అన్నా, పని ఉన్నదా?"

లేదంటే పోతుంది, ఉందంటే ఉంటుంది. రెండూ నాకు చేతకాలేదు.

"కండెల పని లేదు గదా ఇప్పుడు," అన్నాను.

"తెలుసు. రంగు పనే చేస్తా. బట్ట పిండుత, కాగులు కడుగుత. ఏదైనా సరే." లోపలికి వచ్చి చీర కుచ్చిళ్ళు దోపుకుంది. "సుస్మితకు ఇంకొక్క ఏడాది ఉన్నది. గందుకే అచ్చిన."

నేను సరే అనలేదు. ఆమె సరే అన్నట్టే తీసుకుంది. ఆరేసిన బట్ట అంచులు సరిచేసింది. ఖాళీ అయిన కాగులో కర్రతో అడుగు గీకింది. బకెట్ దించి కాగులోని నల్ల నీళ్ళు అందులోకి వంచింది. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. నేను చూస్తూ నిలబడ్డాను. చివరికి ఉండబట్టలేక నోరు విప్పాను.

"ఎల్లవ్వా, గా మూడు బండ్లు... అండ్ల రంగు నీళ్ళే ఉండె. నేనే నింపిచ్చిన."

ఆమె కర్ర కాగు అంచుకు ఆనించింది.

"ఎరుకే అన్నా."

"ఎరుకనా?"

"మూత తీయంగనే నువ్వు రంగుల కలిపే హైడ్రో మందు వాసన గుప్పున అచ్చింది. పద్నాలుగేండ్లు నీ ఇంట్ల కూసున్న. నువ్వు అప్పుడు గూడ ఒక్క కాగు పెట్టి నూలుకు రంగేస్తుంటివి గదా. గా వాసన నాకు తెల్వదా?"

"మరెందుకు ఇడిసిపెట్టినవ్?" అని అరిచాను. అవును, అరిచాను. తప్పు నాది, అరుపూ నాదే. "ఆస్పత్రి బండినే తిప్పి పంపినవ్ గదా. నన్నెందుకు పంపలే?"

ఎల్లవ్వ ఎప్పటిలాగే నేను ఆగేదాకా ఆగింది.

"కాయిదం చింపిన గదా, చూసినవ్ గదా. నువ్వు పక్కపొంటి నిలబడి ఉన్నవ్. నీ ముంగటనే ముంచితె, నీలం రంగొస్తే, రాజనర్సన్న అబద్ధమాడిండని నీ మొకం మీద చెప్పినట్టే గదా. నీకెట్ల ఉంటదో ఏమో. నాకైతే మస్తు సిగ్గనిపిచ్చింది అన్నా. నా చెయ్యి పోలే." నల్లటి చేతులు చీరకు తుడుచుకోబోయి, ఆగి, పక్కన గోనెకు తుడుచుకుంది. "ఒక్క బండే గదా, తొట్టి ఆగుతదిలే అనుకున్న. మల్ల రెండొచ్చినయి. మొదటిదానికి చూడనిదాన్ని, ఎన్కటి రెండిటికి ఏమని చూస్త?"

నా సిగ్గు దాచడానికి ఆమె తన ఉద్యోగం ఇచ్చేసింది. దాచిపెట్టిందని నాకు తెలియకుండా దాచింది. నేనేమో అది నా పెద్దరికం అనుకుని మీసం దువ్వాను. ఆరోజు ఆ కుర్చీ పక్కన నిలబడి లోపల లోపల నవ్విన నవ్వు గుర్తొచ్చి ఒళ్ళంతా మండిపోయింది. భూమి చీలితే దిగిపోదామనిపించింది.

"రేపు పొద్దుగాల్నే జగిత్యాల పోత," అన్నాను. "హేమలత మేడంకు అన్ని చెప్త. నీ కొలువు నీకిప్పిస్త."

"చెప్తె చెప్పు, మంచిదే. గాని గా కొలువుల గీత చేరింది. రొట్టెలు కాల్చే గీత. మొగడు దుబాయిల పని లేక కూసున్నడు, ఇద్దరు చిన్న పిల్లలు. ఆమెను లేపి నన్ను కూసోవెట్టుమంటవా?" కోపంగా అడగలేదు. లెక్క అడిగినట్టూ అడగలేదు. నాకు తెలియదేమో అన్నట్టు చెప్పింది.

తర్వాత వంగి, నల్ల నీళ్ళు నిండిన బకెట్ రెండు చేతులతో లేపింది.

"సరే గని, గీ నీళ్ళు యాడ పోయాలె అన్నా?"

షెడ్డు వెనక గుంత ఒడ్డు దాటి మూడు రోజులైంది. కాలువకు సిమెంటు. విఠల్ నా ఫోను ఎత్తడం లేదు. బకెట్ తీగ ఆమె వేళ్ళలోకి దిగుతోంది. నీళ్ళు అంచు మీద ఊగి ఆమె పాదం మీద చిందాయి. యాడ పోయాలె? ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ ఇంత దగ్గరగా నిలబడి అడగలేదు. అడిగినవాళ్ళను నేను అరిచి పంపేశాను.

ఏదో ఆవేశం వచ్చింది. ఇక చాలు అనుకున్నాను. పోయి మొదటి కాగు కింద మండుతున్న కట్టెలు లాగిపారేశాను. రెండో కాగు కిందవీ లాగాను. మూడో దాని కింద మంట మీద నీళ్ళు కుమ్మరించాను. బుస్సుమని పొగ లేచింది. నాలుగోదీ ఆర్పేశాను. "అయిపోయింది," అన్నాను. "తొట్టి కట్టేదాక గీ షెడ్డుల పొయ్యి ముట్టియ్య. ఒక్క చుక్క గూడ బయటికి పోనియ్య." చాలా రోజుల తర్వాత ఒక మంచి పని చేశాననిపించింది. మెచ్చుకుంటుందేమోనని ఎల్లవ్వ వైపు చూశాను కూడా. అంత సిగ్గులేనివాణ్ణి.

ఎల్లవ్వ బకెట్ పట్టుకునే నిలబడి ఉంది. ఆరిన పొయ్యిల వైపు ఒక్కొక్కటిగా చూసింది. నా వైపు చూసింది. ప్లాంటు ఆవరణలో తాళాలు తీసి బల్ల మీద పెట్టినప్పుడు చూడని చూపు, ఇప్పుడు చూసింది.

"మల్ల నా పనే తీసినవా అన్నా?" అంది. "నేను పనికొచ్చి ఇంకా గంట గాలే."

ఆమె బకెట్ మెల్లగా కింద పెట్టింది, ఒక్క చుక్క ఒలకకుండా. తడవని కట్టెలు ఏరి మొదటి కాగు కిందకు తోసింది. నేలకు వంగి, చెంపలు పొంగేలా గాలి పీల్చుకుని, నా పొయ్యి ఊదడం మొదలుపెట్టింది.